షిఫ్ట్ లాగ్, దాని ఎడిటర్, ఎస్.ఈ. గారి సర్క్యులర్

తొంభైల మొదట్లో, అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న నన్ను కరీంనగర్ జిల్లాలోని ఒక విద్యుత్ కేంద్రం కంప్యూటర్ విభాగానికి బదిలీ చేశారు. విభాగమంటే ఒక ఏసీ గది, ఒక యూనిక్స్ యంత్రం, దానికి తగిలించి సెక్షన్లలో పెట్టిన కొన్ని టెర్మినళ్లు (తెరా కీబోర్డూ), నేను. గదిలోకి చెప్పులతో రాకూడదన్న నియమం ఒక్కటే అప్పటికి పకడ్బందీగా అమలవుతుండేది.

నాకు అప్పగించిన పని షిఫ్ట్ లాగ్. ఏ పంపు నడిచింది, ఏది వేడెక్కింది, ఎవరికి చెప్పారు అన్నది ఆపరేటరు డ్యూటీ దిగే ముందు రాసిపెట్టే దినచర్య అది. అంతవరకూ పుస్తకంలో రాసేవారు. హైదరాబాద్ కంపెనీ ఒకటి దానికి ప్రోగ్రాం తయారుచేసి ఇచ్చింది. మెనూలూ బొమ్మలూ ఏమీ లేవు. నల్లటి తెర మీద ఒక ఆదేశం టైపు చేస్తే అది ఖాళీ ఫైలు ఒకటి పుట్టించి, దాన్ని ఎడిటర్‌లో తెరుస్తుంది. ఎడిటర్ అంటే అక్షరాలు రాసి దిద్దుకోవడానికి వాడే వేరే ప్రోగ్రాం. రాసి, భద్రపరచి బయటికి వస్తే, లాగ్ ఆ ఫైలును తీసుకుని తేదీ, సమయం తగిలించి తనలో కలుపుకుంటుంది. ఫైలు ఖాళీగా ఉంటే, రాసేవాడు మనసు మార్చుకున్నాడనుకుని కిక్కురుమనకుండా ఊరుకుంటుంది.

యంత్రంతో పాటు వచ్చిన ఎడిటర్ వీఐ. అందులోకి పోవడం తేలిక, బయటపడే మార్గమే ఎవరికీ తెలియదు. పంప్‌హౌస్ ఆపరేటర్లు టెర్మినల్ స్విచ్ ఆపేసి ఇంటికి పోయేవారు. అందుకని, ఏ ఎడిటర్‌ను పిలవాలో ప్రోగ్రాంకు చెప్పే సెట్టింగు మార్చి, ఏ మీట దేనికో తెర అడుగునే చూపించే సులువైన ఎడిటర్‌ను పెట్టాను. అందరూ రాయడం మొదలుపెట్టారు. పైవాళ్లకు ఇంకా తెలియదు కాబట్టి పని సాఫీగా సాగింది.

కొన్నాళ్లకు తెలిసింది. మా సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్.ఈ.), అంటే కేంద్రానికి పెద్ద దిక్కు, కంప్యూటర్ శిక్షణకని హైదరాబాద్ వెళ్లి, ఒక సర్టిఫికెట్‌తోనూ గ్రూప్ ఫోటోతోనూ తిరిగి వచ్చారు. ఆఫీసులో నంబరు లేని కాగితం కాగితమే కాదు. ఆ సూత్రాన్ని ఆయన కంప్యూటర్‌కూ వర్తింపజేస్తూ సర్క్యులర్ ఇచ్చారు: ప్రతి ఒక్కరూ తమ లాగ్‌ను సెక్షన్, షిఫ్టు, తేదీ కలిపిన రిఫరెన్సు నంబరునే ఫైలు పేరుగా పెట్టి భద్రపరచవలెను. నకలు నాకు మాత్రం పంపలేదు. కంప్యూటర్ విభాగానికి కంప్యూటర్ సంగతులెందుకని కాబోలు.

ఆ నెలలోనే గోదావరి ఒడ్డున ఉన్న పంప్‌హౌస్‌లో ఒక పెద్ద పంపు బేరింగ్ కాలిపోయి ఆగింది. అంతకు ముందు షిఫ్టులో ఉన్న ఆపరేటరు దేవదానం. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. బేరింగ్ వేడెక్కుతోందని రాశానని ఆయన, లాగ్‌లో అలాంటి ముక్కే లేదని ఆఫీసు. నిర్లక్ష్యమంటూ ఛార్జి మెమో చేతిలో పెట్టారు. రుజువైతే సస్పెన్షన్, తర్వాత పెన్షన్ కూడా గల్లంతు.

దేవదానం నా గదికి వచ్చాడు. అంత పరేషాన్‌లోనూ చెప్పులు బయటే విడిచాడు.

"మేడం, నేను రాసిన. సర్క్యులర్ల చెప్పినట్టు నంబరేసి మరీ రాసిన. గా మిషిన్ ఏం జేసిందో నాకెరుక లేదు. ఇన్నేండ్ల నౌకరిల ఒక్క మెమో రాలే," అన్నాడు.

"జర ఆగు దేవదానమన్నా, చూస్త," అన్నాను. నంబరు అన్న మాట దగ్గరే నాకు విషయం తట్టింది. భద్రపరిచేటప్పుడు ఎడిటర్ ఫైలు పేరు చూపించి అడిగితే, దేవదానం లాగ్ తెరిచి ఇచ్చిన ఆ పేరు చెరిపేసి, దాని చోట రిఫరెన్సు నంబరు వేసి భద్రపరిచాడు. రాసిందంతా నంబరు ఉన్న కొత్త ఫైలులోకి పోయింది. లాగ్ ఎదురుచూస్తున్న ఫైలు ఖాళీగా మిగిలింది. సర్క్యులర్‌ను తు.చ. తప్పకుండా పాటించినవాళ్ల రాతలన్నీ అలాగే మాయమయ్యాయి. దాన్ని చదవని బద్ధకస్తులవి మాత్రం పదిలంగా ఉన్నాయి.

విచారణాధికారి కూడా ఎస్.ఈ. గారే. జరిగింది వివరంగా చెప్పి, దేవదానం ఫైలును టెర్మినల్ మీద చూపించాను.

"గట్ల ఏడనో ఉన్న ఫైలుతోని నాకేం పనమ్మా? లాగ్‌ల లేదంటే రాయనట్టే," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎస్.ఈ. గారు అంతకు ముందు వారం అదే పంప్‌హౌస్‌ను తనిఖీ చేసి, తన నోట్‌ను సర్క్యులర్ ప్రకారమే నంబరు వేసి స్వయంగా లాగ్‌లో టైపు చేశారని అందరికీ తెలుసు. తనిఖీ జరిగిందని చీఫ్ ఇంజనీరుకు నివేదిక కూడా పంపారు. సార్, పంపు స్థితి తెలియాలంటే మీ నోట్ కూడా చూడడం మంచిదని వినయంగా మనవి చేశాను. తనిఖీ జరిగిన రోజుటి లాగ్ తెరిచాను. నోట్ లేదు. అంటే, ఇప్పుడే ఆయన చెప్పిన సూత్రం ప్రకారం తనిఖీ కూడా లేదు.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "ఇది టెక్నికల్ ఫాల్ట్," అన్నారు.

మెమో ఉపసంహరించారు. సర్క్యులర్‌ను ఉపసంహరించలేదు, 'సవరించారు'. ఇకమీదట జాగ్రత్తగా ఉండాలని దేవదానానికి మౌఖికంగా హెచ్చరిక కూడా చేశారు, దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలో చెప్పకుండా. ఆయన దండం పెట్టి డ్యూటీకి పోయాడు.

ఆ తర్వాత నేను ఎక్కడ ఎడిటర్ అమర్చినా, ఫైలు ఖాళీగా వస్తే ప్రోగ్రాం ఆగి అడిగేలా చేశాకే అప్పగించాను. ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాను. కిందివాడు రాసింది పోతే నిర్లక్ష్యమూ, పైవాడు రాసింది పోతే సాంకేతిక లోపమూ అవుతాయి కనుక, మొదటి నమోదు ఎప్పుడూ పెద్ద అధికారి చేతనే చేయించాను.