టర్బో నట్టు మీది ఎర్ర గీత

మా ఊరి బంగారు గనులు మూసేశాక మా నాయనకు మాటలు తగ్గిపోయాయి. గని ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి, గనుల కాలనీ కోరమండల్‌లోని మా ఇంటి వరండాలో పొద్దంతా పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఉద్యోగం లేని అన్న కోసం ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. అన్న దాన్ని బెంగళూరుకు బాడుగకు తిప్పేవాడు. నేను అప్పుడే పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో టీచరుగా చేరాను.

కారు నిండా మనుషులెక్కితే దారిలో టేకల్ దగ్గరి ఎత్తు రోడ్డులో ఇంజను మూలిగేది. వెనక లారీల వాళ్లు హారన్ మోగించేవాళ్లు. అన్నకు అది తలకొట్టేసినట్టుండేది. చివరికి నాయనను వెంటబెట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

"టర్బో ఇంజన్లోకి గాలి తోస్తుంది సార్. ఇంగ కొంచెం ఎక్కువ తోసేటట్టు చేస్తే బలమొస్తుంది. కానీ వేడి కూడా వస్తుంది. పాత బండి, ఆశపడకూడదు" అన్నాడతను.

ముందు టర్బో జోలికే పోలేదు. ఇంజను లోపల బాగుందో లేదో చూశాడు. ఆయిలు మార్చాడు, పగుళ్లిచ్చిన రబ్బరు పైపులు తీసేసి కొత్తవి వేశాడు. గాలి ఒత్తిడికొకటి, పొగ వేడికొకటి స్టీరింగ్ పక్కన రెండు మీటర్లు బిగించాడు. ఆ తర్వాతే టర్బో గాలిని అదుపుచేసే కడ్డీ మీది నట్టును రవ్వంత తిప్పి, రోడ్డు మీద తోలి చూసి, మళ్లీ రవ్వంత తిప్పాడు. మీటరు ముల్లు తనకు నచ్చిన చోట ఆగగానే నట్టు బిగించేసి, దాని మీదుగా కడ్డీ మీదికి ఎర్ర రంగుతో గీత గీశాడు.

"ఇంగ చాలు తమ్ముడూ. ఈ గీత విడిపోయిందంటే ఎవరో తిప్పినారనే అర్థం."

కారుకు కొత్త ప్రాణం వచ్చింది. వింతేమిటంటే, నాయనకూ వచ్చింది. సీటు ఖాళీ ఉన్నప్పుడల్లా ముందు కూర్చుని వెళ్లేవాడు. "ముల్లు యాడికి పోయిందో చూడప్పా!" అని చిన్నపిల్లాడిలా చెప్పేవాడట. రాత్రి భోజనాల దగ్గర తండ్రీకొడుకులు ఆ ఎత్తు గురించే మాట్లాడుకునేవాళ్లు. అమ్మ, నేను నవ్వుకునేవాళ్లం.

కొన్నాళ్లకు అన్న ఎవరికీ చెప్పకుండా నట్టు ఇంకాస్త తిప్పాడు. ఇంజనుకు అందే డీజిల్ కూడా పెంచాడు.

ఒక మధ్యాహ్నం బెంగళూరు నుంచి తిరిగొస్తూ, అదే ఎత్తులో లారీని దాటబోతుంటే ఇంజను పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. తెల్లటి పొగ కమ్మేసింది. ముందు సీట్లో నాయన, వెనక సీట్లో కంటి ఆసుపత్రికి వెళ్లొస్తున్న ముసలి దంపతులు. నాయన వాళ్లను దింపి, బస్సెక్కించి వచ్చాడు. అన్న రోడ్డు పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేనే తిప్పినా నాయనా."

"సరేలే, లేయప్పా. ఎండలో కూర్చోవద్దు."

పిస్టన్ కరిగిపోయింది, ఇంజను పైభాగం పగిలింది. బాగుచేయించడం మా వల్ల కాలేదు. కారు పాత ఇనుముకు పోయింది. అన్న బెంగళూరులో ఒక కంపెనీకి డ్రైవరుగా చేరి, తెల్లవారుజాము రైలుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. నాయన ఎదురుపడితే తల వంచుకుని లోపలికి వెళ్లిపోయేవాడు. నాయన మళ్లీ పేపరు పట్టుకున్నాడు.

చాలా కాలం తర్వాత ఒకసారి నాయన నాతో అన్నాడు:

"ఆ గీత విడిపోయింది నేను ముందే చూసినా పాపా. బండి తుడుస్తా ఉంటే కనపడింది."

"మరి అన్నకు ఎందుకు చెప్పలేదు?"

"గని మూసినాక వాడు ఈల వేసుకుంటా ఇంటికొచ్చింది ఆ దినాల్లోనే. నా నోటితో వద్దని ఎట్ల చెప్పేది? ఇంగ నాలుగు దినాలు పోనీలే అనుకున్నా. నువ్వు వానికి చెప్పొద్దు."

నాయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. సంవత్సరీకం అయిన మరునాడు మాత్రం ఉండబట్టలేక అన్నకు చెప్పేశాను.

"నాయనకు మొహం చూపించలేక ఇన్నేళ్లు తప్పించుకుని తిరిగినానే. ఒక్క మాట అనింటే అప్పుడే వెనక్కి తిప్పేసి ఉందును" అన్నాడు.

ఆ మాట వినాల్సిన మనిషి లేడు. అన్న మొహం కడుక్కుని, సంచి భుజానికేసుకుని, అప్పటికి తను ఉంటున్న బెంగళూరుకు సాయంత్రం రైలుకు బయల్దేరాడు. చెప్పి మేలు చేశానో, కీడు చేశానో నాకిప్పటికీ తెలియదు.