పలకని మెట్టు

మైకు సంగీతం మీద ప్రేమతో సంగీతం తీసుకోలేదు, లెక్కలంటే చచ్చే భయంతో తీసుకుంది. గొంతు మూడిళ్ళ అవతలికి వినబడేది కాబట్టి ఆ పిల్ల ఇంటా బయటా అందరికీ మైకే. తొమ్మిదో తరగతిలో అదనపు లెక్కలో, సంగీతమో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఇక ఆలోచించేదేముంది?

బస్సు కండక్టరైన వాళ్ళ నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పాటలు కూడు పెడతాయటే? సరే, ఏడాది చూస్తా. తప్పావో, మర్నాడే లెక్కల్లో పడేస్తా" అన్నాడు.

తీరా చూస్తే సంగీతం గదిలో ఉన్నది ఒక్కటే హార్మోనియం, దానికీ రోగమే. 'ప' మెట్టు నొక్కితే ఉత్త గాలి వచ్చేది. బాగుచేయించమని అడిగీ అడిగీ టీచరమ్మ నోరు నొప్పెట్టి, చివరికో ఉపాయం కనిపెట్టింది. 'ప' వచ్చిన చోటల్లా వాయించేవాళ్ళే నోటితో "పా" అని పూరించాలి. శ్రుతి కాస్త జారితే చెవి మెలిపెట్టేది. మైకు చెవి ఏడాదంతా ఎర్రగానే ఉంది.

పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయన తన సొంత హార్మోనియం తెచ్చుకున్నాడు. అన్ని మెట్లూ పలుకుతాయి. మైకు వాయించసాగింది. 'ప' దగ్గర మెట్టూ పలికింది, అలవాటు కొద్దీ మైకూ పలికింది. గుమ్మంలో టీచరమ్మ తల పట్టుకుంది. మైకు కళ్ళముందు లెక్కల పుస్తకం ఆడింది. ఆపుదామన్నా నోరు ఆగితేగా! పాటంతా "పా", "పా" అంటూనే ముగించి, ఏడుపు మొహం పెట్టింది.

"ఎందుకమ్మా ఆ అరుపులు?"

"మా బళ్ళో అది పలకదండీ. మేమే పలకాలి."

ఆయన నవ్వాపుకుని, ఈసారి వాయించకుండా ఉత్తగా "పా" అనమన్నాడు. ఆమె అంటుండగా తను మెట్టు నొక్కాడు. వెంట్రుకవాసి తేడా లేదు. మిగతా స్వరాలూ పాడమన్నాడు. అవి తలో దారి పట్టాయి.

"ఒక్కటైనా వచ్చు" అని గొణుక్కుంటూ పాస్ చేశాడు. మైకు సంతోషం పట్టలేక కేక పెట్టింది. వీధి చివర బస్సులో ఉన్న నాన్నకి ఫలితం అలా తెలిసింది.

మిగతా స్వరాలు తర్వాత నెమ్మదిగా దారికొచ్చాయి. ఇప్పుడా బళ్ళో సంగీతం టీచరు మైకే. పోట్లాడి కొత్త హార్మోనియం తెప్పించింది. వచ్చిన రోజే 'ప' మెట్టు కింద అట్టముక్క దూర్చింది.

"టీచర్, ఇది పలకట్లేదు" అంది ముందు వరసలో పిల్ల.

"తెలుసు. నువ్వు పలుకు."