మాణిక్యమ్మ పెద్దమ్మ నిలబెట్టిన జంపఖానా

ఈ పొద్దున మా షెడ్డులో ప్లాస్టిక్ పైపును రంపంతో కోస్తుంటే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. తెల్లటి పొట్టు చీర కుచ్చిళ్ల మీద రాలింది. చేతిలో పని చేతిలోనే ఉండిపోయి, మనసు కొత్తవాడలోని ఒక ఇరుకింటికి పరుగెత్తింది. ఎగ్జిబిషన్లకు స్టాళ్లు, ఫంక్షన్లకు స్టేజీలు కట్టడం నా పని. ఎంత పెద్దదైనా విప్పి ఆటోలో వేసుకుపోయేలా కడతానని హన్మకొండలో నాకు కొంచెం పేరుంది. ఆ పేరు నా డిప్లొమా వల్ల వచ్చిందని అందరూ అనుకుంటారు. నేనూ చాలాకాలం కాదనలేదు. నిజానికి అది మాణిక్యమ్మ పెద్దమ్మ పెట్టిన భిక్ష.

ఆమె మాకు చుట్టం కాదు, గోడకవతలి మనిషి. నలభై ఏళ్లు జంపఖానాలు నేసింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. నేను సివిల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, ఇంటింటికీ ఉచిత సలహాలు పంచుతూ తిరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గోడ మీది నుంచి కేకేసింది. చేనేత ప్రదర్శనలో ఆమెకు ఒక స్టాలు ఇచ్చారట. ఒక్క రోజే. గోడలకు మేకులు కొట్టకూడదు, ఎవరి స్టాండు వాళ్లే తెచ్చుకోవాలి, హాలేమో రెండో అంతస్తులో.

"ఓ పిల్లా, నువ్వు ఇంజనీరు సదివినవ్ గదా. నా జంపఖానాను నిలవెట్టాలె" అంది.

"బల్ల మీద మడతవెట్టి పెడ్తే సాలదా పెద్దమ్మా?"

"నలభై ఏండ్ల సంది మడతల్నే పోతాంది బిడ్డా. సేటు మడతల్నే కొంటడు, మడతల్నే అమ్ముతడు. నేసేటప్పుడు నాకు మూరెడే కనవడ్తది, నేసింది నేసినట్టు చుట్టుకపోతది. ఒక్కపారి నిలువుగ, నిండుగ నలుగురు సూడాలె."

ఎరుపు, నీలం గళ్లతో ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున్న జంపఖానా అది. ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. నా చదువుకు మొదటిసారి ఎవరో పని చెప్పారు మరి!

మొదట నేను ప్లైవుడ్ పక్షం. లెక్కలు కట్టి, మందపాటి పలకలు కోయించి, బోల్టులు బిగించి రెండు రోజుల్లో స్టాండు తయారుచేశాను. ఏనుగెక్కినా కదలదన్నంత గట్టిగా ఉంది. పెద్దమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగనే ఉన్నది. పా, మా డాబా ఎక్కిద్దాం" అంది. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. మూడో మెట్టు దగ్గరే నా నడుము పట్టేసింది. ఆమె కింది మెట్టు మీద కూర్చుని పడీ పడీ నవ్వింది. "ఇది జంపఖానాను మోస్తది సరే. దీన్నెవరు మోస్తరే?" అంది. నాకు ఒళ్లు మండింది కానీ, నిజం నా నడుముకు తెలుసు.

మర్నాడు ప్లాస్టిక్ పైపులు తెచ్చాను. చిటికెన వేలితో ఎత్తొచ్చు, ముక్కలుగా విప్పొచ్చు. గెలిచాననుకుని జంపఖానా వేలాడదీశాను. చూస్తుండగానే పైన అడ్డంగా పెట్టిన పైపు పాత నులకమంచంలా మధ్యలో కిందికి జారింది. నిలువు పైపులు రెండూ లోపలికి వాలి ఒకదానికొకటి మొక్కుకున్నాయి. ప్రదర్శనకు ఇంక రెండు రోజులే ఉంది. నాకు ఏడుపొచ్చింది. "నాతోని కాదు పెద్దమ్మా. బల్ల మీదనే వెట్టు" అన్నాను.

ఆమె నన్ను మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. పక్కనున్న నూలు ఉండ నుంచి ఒక పోగు తీసి ఊదింది, ఎగిరిపోయింది. తర్వాత నా అరచేతిని మగ్గం మీద బిగించి ఉన్న నిలువు పోగులపై, అంటే పడుగుపై పెట్టి, "నూకు" అంది. నొక్కాను. అది నా చేతిని వెనక్కి నెట్టింది.

"నువ్వు కట్టెను సూస్తానవ్, పైపును సూస్తానవ్. బిగువును సూస్తలేవ్" అంది.

పైపును నిలబెట్టేది తాడు బిగువేనని తట్టిన ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మళ్లీ ఏ పరీక్ష పాసైనా కలగలేదు! పెద్దమ్మ పడుగు నూలును ఎనిమిదేసి పోగులు కలిపి పేని తాళ్లు చేసింది. నా ప్లైవుడ్ స్టాండునే కోసి, మూలమూలకూ అరచేయంత ముక్కలు బిగించాం. అడ్డ పైపు మధ్యలో కిందికి జానెడు చెక్క పెట్టి, దాని అడుగు నుంచి రెండు చివర్లకూ తాడు లాగాం. వెనకాల ఇంకో రెండు తాళ్లు ఏటవాలుగా కట్టాం. ఆమె తాడులో చిన్న పుల్ల దోపి మెలితిప్పుతుంటే, కుంగిన పైపు నా కళ్ల ముందే నిటారుగా లేచింది. "లేస్తాంది పెద్దమ్మా, లేస్తాంది!" అని గంతులేశాను.

ప్రదర్శన రోజు తెల్లవారాక వెళ్లి చూస్తే స్టాండు కుప్పకూలి ఉంది. తాళ్లు ముక్కలు ముక్కలుగా కొరికి ఉన్నాయి. పెద్దమ్మ ఒక ముక్క వాసన చూసి నుదురు కొట్టుకుంది. నూలు చేతికొస్తే గంజి పెట్టకుండా ఆమె చేయి ఊరుకోదు. అలవాటు కొద్దీ తాళ్లకూ దట్టంగా పట్టించింది. ఎలుకలు పండగ చేసుకున్నాయి.

"నా పెయ్యిల గంజే ఉన్నట్టున్నది పిల్లా, నెత్తురు లేదు" అని నవ్వబోయి, కొరికిన ముక్కలను ఒక్కొక్కటే ఒళ్లోకి ఏరుకుంది. "ఫికర్ చెయ్యకు, గంజి వెట్టని పచ్చినూలు తియ్యి" అన్నాను. ఆమె పేనడం, నేను లాగడం. గంటలో తాళ్లు తయారయ్యాయి. అన్నీ విప్పి ఆటోలో వేసుకుని, రెండంతస్తులూ చెరో కట్ట చంకన పెట్టుకుని ఎక్కాం.

హాల్లో స్టాండు బిగించి జంపఖానా దించగానే పక్క స్టాళ్ల వాళ్లు తలలు తిప్పారు. పైపు వెంట్రుకంత కూడా వంగలేదు. నేను చప్పట్లు కొడుతూ పక్కకు చూస్తే పెద్దమ్మ లేదు. మగ్గం ముందున్నట్టే జంపఖానాకు మూరెడు దూరంలో నిలబడి, వేలితో గళ్లు తడుముతోంది. చేయి పట్టుకుని వెనక్కి నడిపించాను. పది అడుగులు, పదిహేను. అప్పుడు తలెత్తి చూసింది.

చూపు పై అంచు నుంచి కింది అంచు దాకా దిగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"గింత పెద్దగున్నదా బిడ్డా?"

ఆమె పోయి మూడేళ్లయింది. నేను చాలా కట్టాను, చాలా విప్పాను. పైపు ఎక్కడ పెట్టాలో, ప్లైవుడ్ ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చూపుతోనే చెప్పగలను. స్టాలు తయారవగానే జనాన్ని లోపలికి రానివ్వను. అందులో పెట్టిన వస్తువును చేసిన మనిషెవరో వెతికి, చేయి పట్టుకుని, ముందు పదిహేను అడుగులు వెనక్కి తీసుకెళ్తాను.