చిక్కులమ్మ కుర్చీ

తలపని నేర్చినవాళ్లందరూ చిక్కులు తీసి బతుకుతారు. చిక్కులమ్మ ఒక్కతే చిక్కులు పెట్టి బతుకుతుంది. నున్నగా దువ్విన తల కనబడితే చాలు, ఆవిడ చేతులు దురద పెడతాయి. జుట్టును గుప్పెడు గుప్పెడుగా పైకెత్తి, దువ్వెనను కొసల నుంచి కుదుళ్ల వైపు తోసి, పీచులా చేసి, కాటుక నలుపు వేసి, స్ప్రే కొట్టి నిలబెట్టేస్తుంది. దాన్ని గోత్ స్టైలు అంటారట. వీధిలో వాళ్లకు నోరు తిరగక గోతి స్టైలు అంటారు.

"పేరు సరిపోయింది. గోతిలో పడి లేచొచ్చినట్టే ఉంటారు" అంటాడు ఆవిడ అన్నగారు.

ఆ అన్నగారిది ఇంకో దారి. ఆయన పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, అందరికీ పాపిడి మాస్టారే. ఆయన తీసిన పాపిడి వెనక కొసన చీమను వదిలితే, పక్కకు తిరగకుండా నేరుగా నుదుటి దాకా నడిచి వచ్చేస్తుంది. ఇలాంటి అన్నకు అలాంటి చెల్లెలు. ఇద్దరిదీ ఒకటే షాపు, ఒకటే గది. గుమ్మం పక్క కుర్చీ ఆయనది, కిటికీ పక్క కుర్చీ ఆవిడది.

చిక్కులమ్మకు యాభై రెండేళ్లు. రోజూ పొద్దున్నే గంటసేపు కష్టపడి తన జుట్టును మూరెడు ఎత్తున నిలబెట్టుకుని గాని షాపుకు రాదు. గుమ్మం దగ్గర తల వంచుతుంది. తెలియనివాళ్లు వినయం అనుకుంటారు. ఆవిడ కోసమే మాస్టారు సీలింగు ఫ్యాను తీయించి గోడకు ఫ్యాను పెట్టించాడు.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందంటే, పాతికేళ్లపాటు ఆవిడా అందరిలాగే జడలు వేసింది. ఒకరోజు ఓ కాలేజీ పిల్ల ఫోనులో బొమ్మ చూపించి, ఇలా చేస్తారా అని అడిగింది. చిక్కులమ్మ ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్నాళ్లూ తీసీ తీసీ విసుగొచ్చింది తల్లీ. ఒక్కసారి పెట్టి చూస్తాను" అంది. అంతే, మళ్లీ జడ వైపు తిరిగి చూడలేదు.

ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లంతా నల్లబట్టలు, నల్లగోళ్లు, లోకమంతా తమ మీదే కూలినట్టు ముఖాలు. "నవ్వకు తల్లీ, నవ్వితే కట్టడం కదులుతుంది" అని హెచ్చరించి, మరుక్షణం ఏదో ఒకటి చెప్పి నవ్విస్తుంది. కట్టడం కూలుతుంది. మళ్లీ మొదలు.

ఆవిడకో నియమం ఉంది. చిక్కు పెట్టించుకున్నవాళ్లు మర్నాడు వచ్చి ఆవిడ చేతే తీయించుకోవాలి. మాస్టారికి అది చూస్తే ఒళ్లు మండేది.

"పెట్టడానికి గంట, తీయడానికి రెండు గంటలు. డబ్బాలకు డబ్బాలు కండిషనరు. పైగా గోతికాడ నక్కలా కూచుని వాళ్ల సోదంతా వింటావు. ఇంటి దగ్గర వాళ్లే తీసుకోలేరా?"

"తెంపేసుకుంటారు అన్నయ్యా."

"తెంపుకోనీ."

"పెట్టిన చెయ్యే తియ్యాలి" అనేది చిక్కులమ్మ. ఇక ఆ మాట మీద అప్పీలు లేదు.

ఇలా సాగుతుండగా పోస్టుమాస్టరుగారి గొడవ వచ్చింది. ఆయన రిటైరైన మనిషి, ఇరవై రెండేళ్లుగా మాస్టారి పాపిడితోనే తిరుగుతున్నాడు. ఆ రోజు మాస్టారు టీకి వెళ్లాడు. పోస్టుమాస్టరు పొరపాటున కిటికీ పక్క కుర్చీలో కూచుని, "చెవుల పక్కన కాస్త నలుపు వెయ్యమ్మా" అని కళ్లు మూసుకుని నిద్రపోయాడు. 'కాస్త' అన్న మాట చిక్కులమ్మ చెవి దాకా చేరలేదు.

లేచి అద్దంలో చూసుకుని, తల మీద కాకి వాలిందనుకుని చేత్తో అదిలించాడు. అది కదల్లేదు. ఇంటికి వెళ్లి తలుపు కొడితే, ఆయన భార్య కిటికీలోంచి చూసి, "వారు ఇంట్లో లేరండీ, సాయంత్రం రండి" అంది.

ఆ రోజు నుంచి ఆయన షాపు గడప తొక్కడం మానేశాడు. మాస్టారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"ఇరవై రెండేళ్ల పాపిడే అది! నా చేతిరాత లాంటిది! దాని మీద సిరా ఒలకబోశావు."

"ఆయన నిద్రలో నవ్వాడన్నయ్యా. నచ్చిందనుకున్నా."

"నోరు ముయ్. ఈ ఆదివారం దాకా గడువు. ఈలోగా ఒక్క తల మీద నువ్వు పెట్టిన చిక్కు కనబడిందా, ఆ కుర్చీ ఖాళీ. కనబడకపోతే ఉంటావు, జడలు వేసుకుంటూ."

ఆ కుర్చీ తప్ప చిక్కులమ్మకు వేరే లోకం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆవిడ నిజంగానే ప్రయత్నించింది. నల్లగోళ్ల పిల్లలను గుమ్మంలోంచే పంపేసింది. కానీ బుధవారం మాస్టారు గడ్డం గీసే బ్రష్షు తీస్తే, అది ముళ్లపందిలా నిలబడి ఉంది. గురువారం చీపురు. శుక్రవారం కిటికీ పరదా కుచ్చులు.

"ఏమిటే ఇది?"

"నువ్వు తలలన్నావు అన్నయ్యా. వస్తువుల మాట అనలేదు."

శనివారం మధ్యాహ్నం షాపు నిండా జనం. అప్పుడు ఒకావిడ తన చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చెల్లెలికి ముప్పై ఉండవు. తల చుట్టూ స్కార్ఫు బిగించి కట్టుకుంది, కళ్లు నేల మీద. అక్క మాస్టారి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"మనసు బాగాలేక ఏడు నెలలు మంచం దిగలేదండీ. దువ్వనివ్వలేదు. రెండు షాపుల్లో గుండు తప్ప దారి లేదన్నారు. ఒకటో తరగతి టీచరు. సోమవారం మళ్లీ బడికి వెళ్లాలి."

స్కార్ఫు విప్పాక మాస్టారు చూశాడు. జుట్టంతా కలిసి తడిసి ఎండిన కంబళి ముక్కలా అయింది. దువ్వెన వేలెడు లోపలికి వెళ్లి ఆగిపోయింది. ఆయన నిట్టూర్చి గుండు చేసే మిషను తీశాడు.

"అమ్మో! ఎన్నాళ్లయిందో తల దువ్వుకుని" అంది వరసలో కూచున్న ఒకామె. పక్కనున్నామె కిసుక్కున నవ్వింది. టీచరమ్మ చెయ్యి స్కార్ఫు కోసం ఒళ్లో వెతుక్కుంది.

"ఆగన్నయ్యా! అది నేను పెట్టిన చిక్కు!"

కిటికీ దగ్గరి నుంచి చిక్కులమ్మ. షాపంతా అటు తిరిగింది.

"నేనే పెట్టాను. గోతి స్టైలు, గట్టి రకం. ఏం తల్లీ, మర్నాడే రమ్మన్నానా లేదా? చూడు ఎంత ముదరబెట్టావో!"

టీచరమ్మ తలెత్తి చూసింది. ఆవిడను జన్మలో ఎప్పుడూ చూడలేదు. స్కార్ఫు వెతుకుతున్న చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మర్చిపోయానండీ" అంది. షాపులోకి వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదలు.

వరసలో ఉన్నవాళ్లకు పాపం ఎవరిదో తెలిసిపోయింది. "ఇదా నీ నిర్వాకం? బంగారం లాంటి జుట్టు! మాస్టారూ, ఇంకా ఈవిణ్ని ఎలా ఉంచుకున్నారండీ?"

చిక్కులమ్మ తల వంచుకుని నిలబడింది. అక్కడ గుమ్మం లేదు.

మాస్టారికి చిక్కుల్లో తేడా తెలుసు. దువ్వెన పెట్టిన చిక్కు వేరు, దిండు పెట్టిన చిక్కు వేరు. నోట్లోంచి ఒక్క నిజం వస్తే చెల్లెలు ఆయన పెట్టిన షరతు నుంచి బయటపడుతుంది. కానీ ఆ టీచరమ్మ మళ్లీ మంచం ఎక్కుతుంది. మర్నాడు రమ్మని కూచోబెట్టి, రెండేసి గంటలు చెల్లెలు సోది విన్న ఆ దిగులు ముఖాలన్నీ ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పెట్టడం కోసం కాదన్నమాట ఆ పెట్టడం, కూచోబెట్టి తీయడం కోసం.

మిషను సొరుగులో పడేశాడు.

"అవునండీ, అదే పెట్టింది. పెట్టిన చెయ్యే తియ్యాలి. ఇవాళ్టికి షాపు మూసేస్తున్నాను, మీరంతా రేపు మధ్యాహ్నం రండి."

తరవాత, ఎవరినీ ముట్టుకోనివ్వని తన కొమ్ము దువ్వెన తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. తనూ స్టూలు లాక్కుని అటు పక్క కూచున్నాడు.

"అలా లాగకు అన్నయ్యా, అది పాపిడి కాదు. కొసల నుంచి రా. కుదుళ్ల దగ్గర మొదలుపెడితే ఏడుస్తుంది."

"ఎవరు? జుట్టా?"

"ఇద్దరూ."

సాయంత్రం దాకా పట్టింది. మళ్లీ ఆదివారం పొద్దున్న కూచున్నారు. మధ్యలో చిక్కులమ్మ పోస్టుమాస్టరు కాకిని అదిలించిన కథ చెప్పింది. టీచరమ్మ నవ్వింది. "నవ్వు తల్లీ, ఇవాళ కదిలేందుకు కట్టడం లేదు" అంది చిక్కులమ్మ. పదిగంటలకు జుట్టు భుజాల మీద పడింది.

మాస్టారు దువ్వెన సరిచేసుకున్నాడు. "పాపిడి ఎటు తియ్యమంటారమ్మా?"

టీచరమ్మ అద్దంలోంచి చిక్కులమ్మ తల వైపు చూసింది. "ముందు పక్క కాస్త ఎత్తుగా... కొంచెం చిక్కు పెడతారా?"

చిక్కులమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. "నేను పెట్టకూడదు తల్లీ. గడువు ఇవాళ్టిదాకా ఉంది."

మాస్టారు కాసేపు గోడ మీద ఫ్యాను వంక చూసి, స్ప్రే డబ్బా అందించాడు. "కొంచెమంటే కొంచెమే. రేపు పిల్లలు జడుసుకుంటారు."

"జడుసుకోరు. రేపు సాయంత్రం బడి అయ్యాక రా తల్లీ, పెట్టిన..."

"తెలుసండీ" అంది టీచరమ్మ.

అప్పుడే గుమ్మంలో పోస్టుమాస్టరు, ఆయన్ని వెనక నుంచి నెడుతూ భార్య. "ఆ తలతో ఉన్న రెండు రోజులూ వీధిలో పిల్లలంతా ఈయన వెనకే తిరిగారండీ. కడిగేసుకున్నాక ఒక్కరూ పలకరించట్లేదు. దిగులు పెట్టుకున్నారు."

పోస్టుమాస్టరు దగ్గి, మాస్టారి ముఖం చూడకుండా కిటికీ వైపు వేలు చూపించాడు.

"ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందండీ?"

మాస్టారు ఆ ఇరవై రెండేళ్ల పాపిడిని చివరిసారిగా కళ్లారా చూసుకున్నాడు.

"అది ఖాళీ అయ్యే కుర్చీ కాదండీ" అన్నాడు. "కూచోండి, మీ వంతు వస్తుంది."