ఆర్డిత్ కాపలా కాసిన పన్నెండుమంది

ఆర్డిత్ క్లెవెంజర్ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అనేది. అలాంటి మనిషి అమెరికాలోని మిజూరీ రాష్ట్రంలో ఆ చిన్న కోర్టులో బంట్రోతుగా చేరి, తీర్పు చెప్పే పన్నెండుమంది జ్యూరీకి బయటి మాట సోకకుండా తొమ్మిది రోజులు కాపలా కాసిందంటే, ముందు ఆమె భర్త వర్జిలే నమ్మలేదు.

అది 1974 వేసవి. ధాన్యం గోదాము యజమానిని ఎవరో చంపేశారు. అతని దగ్గర పనిచేసే యువకుడి మీద కేసు నడుస్తోంది. నలుగురు కలిస్తే ఊళ్లో అదే మాట. అందుకని జడ్జి ట్రౌట్మన్ జ్యూరీని ఇళ్లకు పంపకుండా హైవే పక్క మోటెల్లో ఉంచమన్నారు. వాళ్లతో ఎవరినీ కేసు మాట ఎత్తనివ్వనని, తానూ ఎత్తనని ఆర్డిత్ చేత ప్రమాణం చేయించారు.

ఆమె గదుల్లోంచి టీవీలు తీయించింది. పొద్దున్నే కుట్టుకత్తెరతో పేపర్లలో కేసు వార్తలు కత్తిరించేది. సాయంత్రం ఇంటికి ఫోను చేసుకునేవాళ్ల పక్కన రెండో రిసీవర్ చెవిన పెట్టుకుని కూర్చునేది.

మూడోరోజు డెల్బర్ట్ యోకమ్ వంతు. అరవయ్యొక్కేళ్ల పాడిరైతు. ఇంటి దగ్గర ముసలి ఆవు నిండుచూలుతో ఉంది. కిందటి ఈతలో దూడ దక్కలేదు.

"ఈనిందా?" అన్నాడు.

"ఇంకా లేదండీ. పొదుగు దిగింది, ఇవాళో రేపో," అంది భార్య ఇమోజీన్. "అది సరే, ఊళ్లో అందరూ ఏమంటున్నారో తెలుసా? ఆ అబ్బాయే..."

ఆర్డిత్ వేలితో ఫోను మీట నొక్కి లైను కట్ చేసింది.

"అదేంటమ్మా! ఆవు సంగతి అడగనైనా అడగలేదు!"

"ఇక చాలు డెల్బర్ట్ గారూ. గదికి నడవండి."

ఆ రాత్రి ఆమె మంచం మీద కూర్చుని లెక్కలు వేసుకుంది. దాచితే ఎవరికీ తెలియదు. చెబితే విచారణే రద్దు కావచ్చు. తన వేలు ఒక్క క్షణం ఆలస్యమైనందుకు అంత పనీ బూడిదలో పోసిన పన్నీరు. అయినా తెల్లారగానే వెళ్లి జడ్జిగారికి చెప్పేసింది.

ఆయన ఇరువైపుల వకీళ్ల ముందు డెల్బర్ట్‌ను నిలబెట్టి అడిగారు.

"ఏం విన్నారు?"

"పొదుగు దిగిందని విన్నానండి."

"ఆ తర్వాత?"

"పొదుగు తర్వాత మా ఆవిడ చెప్పేది వినడం మానేసి ముప్పయ్యేళ్లయింది, జడ్జిగారూ."

వకీళ్లు నవ్వాపుకోలేకపోయారు. ఒట్టు వేయించుకుని అతన్ని జ్యూరీలోనే ఉంచారు. కాని ఫోను మాత్రం బంద్.

డెల్బర్ట్ మూతి ముడుచుకున్నాడు. ఆర్డిత్ పలకరిస్తే గోడకేసి చూసేవాడు. రెండు రోజులు కంచంలో వేయించిన కోడి అలాగే వదిలేశాడు. ఆమెకు మనసాగలేదు. మళ్లీ జడ్జిగారి గుమ్మం ఎక్కింది.

"వెళ్లి ఆవును చూసి వచ్చి నాకు చెప్పు. నేను రాసిచ్చింది మాత్రమే చదవాలి. ఒక్క ముక్క ఎక్కువ వద్దు," అన్నారాయన.

మధ్యాహ్న విరామంలో పన్నెండు మైళ్లు పికప్పు నడుపుకుంటూ పోయింది. ఇమోజీన్ మెట్ల మీద ఏడుస్తూ కనిపించింది.

"నా నోరు పడిపోను! ఆయన్ని జైల్లో పెట్టారా ఆర్డిత్?"

"లేదమ్మా, అలిగి కూర్చున్నారంతే. ఆవెక్కడ?"

కొట్టంలో తల్లీబిడ్డా గడ్డి మీద ఉన్నాయి. దూడ ఆర్డిత్ వేళ్లు చప్పరించింది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆమె నిలబడి కాగితం చదివింది. "ఆవు ఈనింది. పెయ్యదూడ. రెండూ క్షేమం."

పదకొండుమందీ చప్పట్లు కొట్టారు. డెల్బర్ట్ చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు. "దూడ ఏ రంగు, అమ్మా?"

ఆర్డిత్ కాగితం తిప్పి చూసింది. నోట్లో మాట సుడులు తిరుగుతోంది. "ఇందులో లేదండీ," అంది కష్టంగా.

అతను పకపకా నవ్వి, కోడి పళ్లెం దగ్గరకు లాక్కున్నాడు.

తొమ్మిదోరోజు, నేరం రుజువు కాలేదని జ్యూరీ చెప్పింది. డెల్బర్ట్‌ను ఆర్డితే ఇంటికి దింపింది. ఇప్పుడిక అడ్డులేదు కదా, సాక్షుల గురించి, వాదోపవాదాల గురించి అతను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆమె ఊఁ కొట్టింది. ఇమోజీన్ గుమ్మంలోనే ఇద్దరి చేతుల్లోనూ చల్లటి మజ్జిగ పెట్టి, అక్కడే నిలబడింది, ఈసారి కేసు గురించి ఏమీ అడగకుండా.