సుజాత తాళంచెవి

2022. మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. చొప్పదండిలో మా అత్తగారింటి ముందుగదిలో కూర్చుని, ఎక్కడో ఉన్న సర్వర్లను దూరం నుంచే చక్కబెట్టడం నా పని.

ఆదిలాబాద్ నుంచి రాజేశం అన్న ఫోన్ చేశాడు. ఆయనకు చూపు లేదు. తనలాంటి వాళ్ల కోసం తెలుగులో ఒక ఆట నడుపుతున్నాడు, దాని సర్వర్ చూసిపెట్టేది నేనే. అందులో బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. ఎదురుగా కోట గోడ ఉందని వస్తే ఫోన్ చదివి వినిపిస్తుంది, ఆడేవాళ్లు ‘ఎక్కు’ అని టైపు చేస్తారు. అందులోనే ఒకరికొకరు ముచ్చట్లు కూడా రాసుకుంటారు.

సుజాత వాళ్లలో ఒకమ్మాయి. ఆమెకూ చూపు లేదు. ఊరు బోథ్, ఆదిలాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. కొత్త పేరుతో ఎవరో ఆటలోకి వచ్చి ఆమెకు ఇలా రాశారట: “శనివారం బోథ్ బస్సుల నీ పక్కకే కూసుంట. నీకెట్ల ఎరుకైతది?”

ఆ బస్సు సంగతి ఆమె ఆటలో ఒక్క స్నేహితురాలికే చెప్పింది. మర్నాడు ఆమె పేరుతోనే ఎవరో ఆటలోకి వచ్చారు.

“వాళ్ల బాపు సదువు బంద్ జేయించి ఇంటికి తీస్కపోత అంటుండు చెల్లె,” అన్నాడు రాజేశం అన్న.

ఆట టెల్‌నెట్ అనే పాత పద్ధతిలో నడుస్తోంది. అందులో మాటలు, పాస్‌వర్డ్‌లు పోస్టుకార్డు మీది రాతలా బయటికే కనిపిస్తాయి. హాస్టల్ వైఫైలో ఉన్నవాళ్లెవరైనా చదవగలరు. అంటే ఆ మనిషి ఆమెకు దగ్గరలోనే ఉన్నాడేమో. లేచి వెళ్లి మా తలుపు గొళ్లెం చూసుకుని వచ్చాను.

టెల్‌నెట్ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ పెట్టాను. మాటలు దారిలో ఎవరికీ అర్థం కాకుండా చేసే లాగిన్ అది. పాస్‌వర్డ్‌కు బదులు ప్రతి ఫోన్‌లో ఒక జత తయారవుతుంది. అందులో తాళంకప్ప లాంటిది నాకు పంపితే సర్వర్‌కు తగిలిస్తాను. తాళంచెవి లాంటిది మాత్రం ఆ ఫోన్ దాటి బయటికి రాకూడదు. కొత్త దారిలో నేను లోపలికి వెళ్లగలిగానని చూసుకున్నాకే పాత దారి మూశాను. లేకపోతే నేనే బయట ఉండిపోతాను.

ఊపిరి పీల్చుకునేలోపే ఆట ఆడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో రాజేశం అన్న మెసేజ్ వచ్చింది. సుజాత తాళంచెవి ఫైలు అందరి ముందూ ఉంది. ఆయనకు ఫోన్ చేశాను.

“గా గ్రూపుల ఎందుకు పెట్టినవ్ అన్నా?”

“పిల్లకు చేసుడు రాలే. నేనే చేసి పెట్టిన. అండ్ల అందరు మనోళ్లే గద.”

“ఆ రాసినోడు గూడ అండ్లనే ఉంటే?”

రాజేశం అన్న నెమ్మదిగా అన్నాడు. “ఏటీఎంకు పోతే పక్కోనికి పిన్ను చెప్పాలె. మా పిన్ను ఊరందరికి ఎరుకే చెల్లె. దాసుకునుడు మాకెవ్వలు నేర్పలే.”

అప్పటికే తగిలించిన ఆమె తాళంకప్పను వెంటనే సర్వర్ నుంచి తీసేసి సుజాతకు ఫోన్ చేశాను. ఆమెతో మాట్లాడుతూ లాగ్, అంటే వచ్చీపోయేవాళ్ల జాడ, చూస్తున్నాను. అప్పుడే ఎవరో ఆ పాత తాళంచెవితో తలుపు తట్టారు. మళ్లీ తట్టారు. సుజాత ఫోన్‌లో నాతోనే ఉంది. పాపను ఒళ్లోకి లాక్కున్నాను.

ఆమెకు ఏమీ దాచకుండా చెప్పాను. ఏడవలేదు. “నేనే చేస్త అక్కా, జర ఆగి ఆగి చెప్పు,” అంది. ఒక్కో మాట విని, తన ఫోన్‌లో తానే కొత్త జత చేసుకుంది. తాళంచెవికి కూడా ఒక రహస్య వాక్యం పెట్టుకోమన్నాను.

“పెట్టినవా?”

“పెట్టిన. అదేందంటే...” అని ఆగిపోయింది. “నీగ్గూడ చెప్ప అక్కా.”

ఆ శనివారం వాళ్ల నాన్నే వచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. చదువు మాన్పించలేదు, సోమవారం మళ్లీ హాస్టల్‌లో దింపిపోయాడు. తలుపు తట్టింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఎవరికి లాగిన్ పెట్టినా ముందు ఒకటే అడుగుతాను, మీ పిన్ను ఎవరెవరికి తెలుసని. మా పాపకు మాటలొచ్చాయి. అడిగిన ప్రతివాళ్లకూ మా ఇల్లెక్కడో చెప్పేస్తోంది. దానికి ‘చెప్ప’ అనడం నేర్పుతున్నాను.