మే నెలలో ఆల్బట్రాస్‌లు ఉండవు

జనవరి ప్రాక్టికల్స్ కోసం ఇవాళ ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసా మూత తీశాను. ఘాటు కళ్ళలోకి కొట్టి నీళ్ళు తిరిగాయి. "కిటికీ తియ్యమంటారా మేడం?" అన్నాడు అటెండరు. తీసినా లాభం లేదు, బయట యార్డుకెళ్ళే మిరపకాయల లారీలు. గుంటూరులో ఈ నెలంతా కళ్ళమంట తప్పదు. నాకు మాత్రం జనవరి వస్తే సుగుణ మేడం గుర్తొచ్చి కడుపు కూడా మండుతుంది.

ఆవిడ నాకు ఇంటర్‌లో జువాలజీ చెప్పారు. తర్వాత అదే ప్రైవేటు కాలేజీలో నేనూ ఉద్యోగంలో చేరి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను. చదువుకునే రోజుల్లో ఒకసారి మా క్లాసును కొత్తపట్నం తీసుకెళ్ళారు. అందరూ సముద్రంలోకి పరిగెత్తితే నేను ఒడ్డున తిరిగే పిట్టను చూపించి "దాని పేరేంటి మేడం?" అన్నాను. "పేరెక్కడికీ పోదు. అదేం చేస్తోందో చూడు ముందు," అని కాళ్ళు పీకేదాకా నిలబెట్టారు. అల వెనక్కి పోగానే అది తడి ఇసుకలోకి ముక్కు దించడం, మళ్ళీ అల వచ్చేలోపు పరిగెత్తడం, ఇంతే. నాకు చూడ్డమనేది ఆ పూట నుంచే తెలుసు.

ఆవిడకు ఒకటే కోరిక. దక్షిణ అమెరికా కొన దాటాక సముద్రం మధ్యలో కొన్ని దీవులున్నాయి. ఏళ్ళ తరబడి నీళ్ళ మీదే ఎగిరే ఆల్బట్రాస్ పక్షులు అక్కడికొచ్చి, మట్టితో కుండలాంటి గూడు కట్టుకుని ఒక్కటే గుడ్డు పెడతాయి. గూటి మీద కూర్చున్న ఆ పక్షిని చూడాలి. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కొనలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే స్టాఫ్‌రూములో అవే కబుర్లు: ఏ విమానం, ఏ పడవ, ఆ చలికి ఎలాంటి స్వెట్టరు. "పక్షుల కోసం అంత దూరమెందుకండీ, కొంగలుండే ఉప్పలపాడుకి బస్సెక్కితే సరిపోదా!" అని లెక్కల మాస్టారు ఏడిపించేవారు. ఆవిడా నవ్వేసేవారు.

నీటికాసులని కళ్ళ డాక్టరు చెప్పాక ఆ నవ్వు పోయింది. పక్కచూపు తగ్గిపోతోంది, పోయిన చూపు తిరిగి రాదు. ఇక ఆగకూడదనుకుని జనవరిలో సెలవు అడగడానికి కరస్పాండెంటు గారి దగ్గరికి వెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను.

"జనవరిలోనా! పరీక్షల ముందు పిల్లల్ని వదిలేసి పిట్టల్ని చూడ్డానికెళ్తారా మేడం? వేసవి సెలవులున్నాయిగా, మేలో హాయిగా వెళ్ళిరండి."

"మేకి అక్కడ చలికాలం మొదలవుద్దండి. పిట్టపిల్లలు ఎదిగి ఏప్రిల్లోనే ఎగిరిపోతాయి," అన్నారు మేడం.

"ఒకటో అరో ఉండకపోతాయా అండీ," అంటూ ఆయన ఫోను అందుకున్నాడు.

తనకంటూ ఒక్క సెలవు పెట్టుకోకుండా, ఎవరికి జ్వరమొచ్చినా వాళ్ళ క్లాసులు కూడా చెప్పిన మనిషికి దక్కిన జవాబది. బయటికొచ్చాక "ఉద్యోగం మానేసి వెళ్ళిపోండి మేడం," అన్నాను. "ఆయనన్నదీ నిజమే అమ్మాయ్, పిల్లలేమైపోతారు?" అన్నారు. ఆయన మీద కంటే నాకు ఆవిడ మీదే ఎక్కువ కోపమొచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

చివరికి మేలోనే బయల్దేరారు. అరండల్‌పేటలో టికెట్లు బుక్ చేసే ఆయన సంబరంగా "మేలో గదులన్నీ ఖాళీయేనండి, మీకేది కావాలంటే అది," అన్నాడు. "పక్షులు లేకే బాబూ ఆ ఖాళీ," అన్నారు మేడం. వద్దని నేను చెయ్యి పట్టుకుంటే, "వచ్చే జనవరికి ఈ కళ్ళెలా ఉంటాయో ఏమో. ఆలస్యంగా ఎదిగిన పిల్ల ఒక్కటైనా మిగిలుంటదేమో అమ్మాయ్," అన్నారు. ఆశ అంత చెడ్డది.

తిరిగొచ్చాక నేను అడగలేదు, ఆవిడే చెప్పారు. "గూళ్ళు చూశానమ్మా. కొండవాలు నిండా గూళ్ళే. ఒకదాన్లో చెయ్యి పెట్టా, వాననీళ్ళున్నాయి." ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో కరస్పాండెంటు గారు "మన సంస్థ ప్రోత్సాహంతో దీవులు చూసొచ్చిన మేడం" అంటూ శాలువా కప్పాడు. ఆవిడ దణ్ణం పెట్టి థాంక్స్ చెప్పారు. నేను చప్పట్లు కొట్టలేదు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు కూడా.

ఇప్పుడావిడ దర్శిలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. వెలుతురుకీ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే. దసరా సెలవుల్లో వెళ్తే నా గొంతు విని మంచం మీద జరిగి చోటిచ్చారు.

"మేలో వెళ్ళానని నీకు కోపం కదూ?" అన్నారు. "తప్పు నెలది కాదే. నేను అడగడమే తప్పు. వెళ్తున్నానని చెప్పి జనవరిలో వెళ్ళిపోవాల్సింది. ఉద్యోగం పోతే ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. పిల్లలంటావా, నేను లేకపోయినా పాసయ్యేవాళ్ళు."

ఏ పాఠమైనా వేళకు పూర్తిచేసే మనిషి ఈ ఒక్కటీ ఇంత ఆలస్యంగా చెప్పారు. ఆవిడ నేర్పిన చూపు నాకుంది, అందుకు రుణపడి ఉంటాను. ఆవిడ వినయం కూడా నాకే వచ్చింది, నా బాధల్లా అదే. ఈ వారం దర్శి వెళ్ళి ఆవిడ దగ్గర రెండు రోజులు ఉండాలనుకున్నాను. నిన్న కరస్పాండెంటు గారి గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చా అండీ అని అడిగాను. సెలవు మాటెత్తగానే, ప్రాక్టికల్స్ అయ్యాక చూద్దాంలెండి అన్నాడు. సరేనండీ అన్నాను.